మాట్లాడుతున్నాడుగా!

గుండెపోటు వచ్చి, స్టెంట్ వేయించుకుని ఇంటికెళ్లే రోజున మందుల చీటీ ఇస్తారు, ఉప్పు తగ్గించమంటారు, పొద్దున్నే నడవమంటారు. ఎకో రిపోర్టులో ఈఎఫ్ అని ఒక అంకె ఉంటుంది. దాని సంగతి మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. నా రిపోర్టులో అది 30. "పంపింగ్ కొంచెం తక్కువుంది, మందులతో సర్దుకుంటది" అన్నారు, అంతే. ఎడమవైపు కింది గదిలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకి ఎంత శాతం బయటికి పోతోందో చెప్పే అంకె అది. మామూలుగా 55 పైన ఉండాలి. పోటు వచ్చి 40 రోజులు దాటాక, మందులన్నీ సరైన మోతాదులో మూడు నెలలు వాడాక కూడా అది 35 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉండి, మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే, గుండె లయ తప్పితే ఒంట్లోంచే షాక్ కొట్టి సరిచేసే ఐసీడీ అనే పరికరం మాట డాక్టరే ఎత్తాలి. ఎత్తకపోతే మనమే అడగాలి. గైడ్‌లైన్లలో ఎప్పటినుంచో ఉన్న సంగతే ఇది. నా దగ్గర ఒక్కరూ ఎత్తలేదు. ఆ కోపం ఇంకా పోలేదు, అందుకే ముందు దాన్నే రాస్తున్నాను.

అడగాల్సిన అవసరం ఎందుకంటే, పోటుతో చచ్చిపోయిన కండరం స్థానంలో మచ్చ మిగులుతుంది. మచ్చలో కరెంటు నడవదు. కాని దాని అంచుల్లో, మధ్యమధ్యలో, బతికి మిగిలిన కండరపు పోగులు కొన్ని ఉంటాయి. వాటిలో నడుస్తుంది, కాకపోతే బాగా నెమ్మదిగా. ఆ సందులోంచి అది బయటపడేసరికి చుట్టూ ఉన్న కండరం మళ్లీ సిద్ధమై ఉంటుంది. ఇంకేముంది, అక్కడక్కడే తిరగడం మొదలుపెడుతుంది. ఒక్కో చుట్టుకి ఒక్కో గుండెదెబ్బ. నిమిషానికి 150, 180, ఒక్కోసారి 200 పైన. దీన్ని వెంట్రిక్యులర్ టాకీకార్డియా అంటారు, వార్డుల్లో అందరి నోటా వీటీ. అది చెదిరిపోయి కింది గదులు కొట్టుకోవడం మానేసి ఊరికే వణకడం మొదలుపెడితే వీఎఫ్. అప్పుడు నాడి దొరకదు, కొన్ని సెకన్లలో స్పృహ పోతుంది. స్టెంట్ రక్తనాళాన్ని తెరుస్తుందే గానీ మచ్చను చెరపలేదు. పోటు వచ్చి ఏళ్లు గడిచాక కూడా ఇది రావచ్చు.

నా ఉద్యోగం ఆసుపత్రుల్లో మానిటర్లు, డీఫిబ్‌లు (లయ తప్పిన గుండెకి షాక్ ఇచ్చే యంత్రాలు) బాగుచేయడం. డీఫిబ్‌ను 50 ఓముల లోడు మీద డిశ్చార్జి చేసి, పెట్టిన జౌల్స్ సరిగ్గా వస్తున్నాయా లేదా చూడడం, తెగిన ఈసీజీ లీడ్లు మార్చడం, బ్యాటరీలు పరీక్షించడం. తెర మీద గీత ఎలా ఉంటే ఏమిటో కొంత తెలుసు. నాకు వీటీ వచ్చిన రాత్రి దానివల్ల ధైర్యమేమీ రాలేదు, భయం రెట్టింపయింది.

మే నెల ఎండలు. విరేచనాలు పట్టుకున్నాయి, అయినా ఒంట్లో నీరు మూత్రంలో పోయేలా చేసే మాత్ర ఆపకుండా వేసుకుంటున్నాను, ఎందుకంటే చీటీలో ఎక్కడా "ఇలాంటప్పుడు ఫోన్ చేయండి" అని రాయలేదు. విరేచనాలతో, ఆ మాత్రతో పొటాషియం పడిపోతుంది. మచ్చ ఉన్న గుండెకు పొటాషియం 4 పైన, మెగ్నీషియం 2 పైన ఉండేలా చూస్తారు. తర్వాత తేలిన లెక్క ప్రకారం నా పొటాషియం 3.1. భోజనమయ్యాక మెడ దగ్గర నరాలు ఎగిరెగిరి పడడం మొదలైంది, ఒళ్లంతా చెమట. "ఏందండీ, మొహమంతా అట్ల పాలిపోయింది?" అని మా ఆవిడ. "బావా, గ్యాస్ అయ్యుంటది, సోడా తాగు" అని మా బావమరిది. దిల్‌సుఖ్‌నగర్‌లో దగ్గరున్న ఆసుపత్రికి అతని కారులోనే తీసుకెళ్లారు.

ఈసీజీ కాగితం సెకనుకి 25 మిల్లీమీటర్ల వేగంతో నడుస్తుంది. దాని మీద చిన్న గడి అంటే 40 మిల్లీసెకన్లు, ఐదు చిన్న గడులు కలిస్తే ఒక పెద్ద గడి. మామూలు గుండెదెబ్బ మూడు చిన్న గడుల లోపే ముగుస్తుంది. నాది నాలుగు చిన్న గడుల వెడల్పు. దెబ్బకీ దెబ్బకీ మధ్య రెండు పెద్ద గడులు కూడా లేవు. 300ని పెద్ద గడుల సంఖ్యతో భాగిస్తే నిమిషానికి ఎన్ని దెబ్బలో వస్తుంది, నాకు 170 పైచిలుకు వచ్చింది. డ్యూటీ డాక్టరుతో అన్నాను: "సార్, నాకు పాత ఎంఐ (గుండెపోటు) ఉంది, ఈఎఫ్ 30. ఇది వెడల్పుగా ఉంది, వీటీ కావచ్చు." ఆయన నా వైపు చూడలేదు. సిస్టర్ వైపు తిరిగి నవ్వాడు.

"మాట్లాడుతున్నాడుగా! బీపీ 110 ఉంది. వీటీ అయితే ఇట్లా కూర్చొని మనకే పాఠం చెప్తాడా? ఎస్వీటీ ఇది. వెరాపమిల్ 5 తియ్యండి." (ఎస్వీటీ అంటే పై గదుల వైపు నుంచి పుట్టే దడ. వెరాపమిల్ దాన్ని ఆపడానికిచ్చే సూది.)

ఆ మాట నన్ను ఇప్పటికీ నిద్రలేపుతుంది. ఆయన ఒక్కడి మాట అయితే ఇంత రాయనక్కర్లేదు. చాలా క్యాజువాలిటీల్లో వినపడే మాటే ఇది. మనిషి మాట్లాడడానికి కావలసింది మెదడుకి రక్తం అందడం. వీటీ నడుస్తున్నా వేగం మరీ ఎక్కువ కాకపోతే, మిగిలిన కండరం కొంత గట్టిగా ఉంటే, కాసేపు బీపీ నిలబడుతుంది. గంటలు కూడా నిలబడొచ్చు. కాబట్టి మాటా, బీపీ చూసి వీటీ కాదనడానికి వీల్లేదు. చూడాల్సింది గీత వెడల్పు, పాత చరిత్ర. గతంలో గుండెపోటు వచ్చిన మనిషికి వెడల్పు గీతతో గుండె పరుగెత్తితే అది వీటీ అనే అనుకోవాలి, కాదని రుజువయ్యేదాకా. పై గదుల గీతలు కింది గదుల గీతలతో పొంతన లేకుండా వాటి దారిన అవి పోతుంటే ఇక సందేహమే అక్కర్లేదు.

వెరాపమిల్ ఏం చేస్తుందో కూడా చెప్పాలి. పై గదుల నుంచి కింది గదులకు కరెంటు దిగే చోటు ఏవీ నోడ్. వెరాపమిల్ దాన్ని మందగింపజేస్తుంది. ఎస్వీటీల్లో ఎక్కువ వాటికి చుట్టు ఆ నోడ్ గుండానే తిరుగుతుంది కాబట్టి ఠక్కున ఆగిపోతాయి. నా చుట్టు తిరిగేది మచ్చలో. దాన్ని ఆ మందు ముట్టుకోను కూడా ముట్టుకోదు. పైగా అసలే బలహీనంగా ఉన్న కండరం బిగువు తగ్గిస్తుంది, రక్తనాళాలను వదులు చేస్తుంది. గుండె అదే వేగంతో పరుగెత్తుతూ ఉంటుంది, బీపీ మాత్రం జారిపోతుంది. (కుర్రవాళ్లలో, మచ్చలేని గుండెలో వచ్చే ఒక రకం వీటీ వెరాపమిల్‌తోనే ఆగుతుంది. అది నిదానంగా తేల్చుకోవాల్సిన రోగనిర్ధారణ, అర్ధరాత్రి ఊహించి పొడిచేది కాదు.) అంతగా సందేహముంటే, లయ ఎత్తుపల్లాలు లేకుండా ఒకే తీరున ఉన్నప్పుడు, డీఫిబ్ పక్కన పెట్టుకుని, అదే నోడ్‌ను క్షణకాలం ఆపే అడినోసిన్ అనే మందు 6 మిల్లీగ్రాములు పెద్ద నరంలోకి ఒక్కసారిగా ఇచ్చి, వెంటనే 20 మిల్లీలీటర్ల సెలైన్ తోస్తారు. దాని ప్రభావం సెకన్లలో పోతుంది. వెరాపమిల్ అలా పోదు. అసలు తేల్చుకోలేకపోతే సింక్ షాక్ (గుండెదెబ్బతో కలిపి ఇచ్చే షాక్) ఎస్వీటీకీ వీటీకీ రెండింటికీ సరైనదే.

సూది ఇస్తుండగానే గది వెలుతురు పలచబడింది. మాటలు దూరం నుంచి వస్తున్నట్టున్నాయి. మానిటర్ మీద బీపీ పై అంకె 60ల్లోకి దిగడం చూశాను. డాక్టరు మళ్లీ ఈసీజీ తియ్యమన్నాడు. అప్పుడు కదిలింది ఆ సిస్టరే. "సార్, టైం లేదు" అని క్రాష్ కార్ట్ (అత్యవసర మందులు, డీఫిబ్ ఉండే బండి) లాక్కొచ్చింది. ఆమె చేతులు నాకు బాగా గుర్తు. ముందు లీడ్ రెండుకి మార్చింది, గీత నిటారుగా పెద్దదిగా కనపడేలా. తర్వాత సింక్ నొక్కింది. ప్రతి దెబ్బ శిఖరం మీదా చిన్న గుర్తు పడుతోందా అని వంగి చూసింది. ప్యాడిల్స్‌కి జెల్ దండిగా రాసింది, ఆక్సిజన్ మాస్కు తీసి పక్కకు పెట్టింది. మత్తు సూది పడ్డాక నాకేమీ తెలియలేదు. 100 జౌల్స్‌తో ఒక్క షాక్‌కే లయ తిరిగొచ్చిందని తర్వాత చెప్పారు.

ఆ సింక్ మీట గురించి నా వృత్తిలోవాడిగా రెండు ముక్కలు. షాక్ దెబ్బ శిఖరం మీద పడాలి. దాని వెనకాల వచ్చే టీ తరంగం మీద పడితే వీటీ కాస్తా వీఎఫ్ అయి కూర్చుంటుంది. సింక్‌లో పెట్టాక మీటలు నొక్కిన వెంటనే షాక్ రాదు, యంత్రం తర్వాతి శిఖరం కోసం చూస్తుంది. పని చేయలేదనుకుని చేతులు తీసేసే వాళ్లను నేను ట్రైనింగుల్లో చూస్తుంటాను. షాక్ పడేదాకా నొక్కి పట్టుకోవాలి. ఇంకొకటి, చాలా యంత్రాలు ఒక షాక్ కాగానే తమంతట తామే సింక్‌లోంచి బయటికొచ్చేస్తాయి. రెండో షాక్ అవసరమైతే సింక్ మళ్లీ నొక్కాలి. వీఎఫ్‌లో మాత్రం సింక్ పెట్టకూడదు. అక్కడ శిఖరమే ఉండదు కాబట్టి యంత్రం ఎదురుచూస్తూనే ఉంటుంది, షాక్ ఇవ్వదు.

తెల్లారకముందే పెద్దాసుపత్రికి మార్చారు. యాంజియోగ్రామ్ తీశారు, స్టెంట్ తెరిచే ఉంది. లయను అదుపులో పెట్టే అమియోడరోన్ అనే మందు 150 మిల్లీగ్రాములు పది నిమిషాల్లో, ఆ తర్వాత నిమిషానికి 1 మిల్లీగ్రాము చొప్పున ఆరు గంటలు, 0.5 చొప్పున పద్దెనిమిది గంటలు. ఆ మందును డెక్స్‌ట్రోజ్‌లో కలుపుతారు. చేతి నరంలో ఎక్కువసేపు పోతే నరం వాచి తాడులా గట్టిపడుతుంది. నాకు అలాగే అయింది, మంట మొదలవగానే చెప్పి సూది చోటు మార్పించుకోండి. పొటాషియం ఎక్కించారు. మూడో పూటకి ఇడ్లీ పెట్టారు.

అక్కడ నన్ను చూసినావిడ ఎలక్ట్రోఫిజియాలజిస్టు. గుండె డాక్టర్లందరూ లయ సంగతి చూసేవాళ్లు కాదు, ఈ పేరు గుర్తుపెట్టుకోండి. ఆవిడ మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది, మొదటి ఆసుపత్రి ఈసీజీ స్ట్రిప్ అడిగి తీసుకుంది, గడులు లెక్కపెట్టింది. "మీరు చెప్పిందే కరెక్ట్" అంది. ఆ ఒక్క మాటకి మా ఆవిడ ఏడ్చేసింది. నాకూ కళ్లు తడిశాయి, రాయడానికి సిగ్గేమీ లేదు.

ఐసీడీ పెట్టారు. ఎడమ కాలర్ ఎముక కింద చర్మం లోపల చిన్న సంచిలా కోసి పెట్టె ఉంచుతారు. నరం గుండా ఒక వైరు కుడివైపు కింది గదిలోకి దించి గోడకి బిగిస్తారు. దీన్ని కనిపెట్టిన మిషెల్ మిరోవ్‌స్కీకి ఆ ఆలోచన వచ్చింది తన గురువు 1966లో వీటీతోనే పోవడం వల్ల. ఆసుపత్రి దాటి బయటికి పోలేని మనిషికి డీఫిబ్‌ను ఒంట్లోనే పెట్టలేమా అని ఆయన పంతం. చాలామంది పెద్దలు కుదరదన్నారు. 1980 ఫిబ్రవరిలో అమెరికాలోని బాల్టిమోర్‌లో మొదటి మనిషికి పెట్టారు. అప్పట్లో ఛాతీ తెరిచి, పెట్టెను పొట్టలో ఉంచేవారు. ఇప్పుడది అరచేతిలో పడుతుంది.

ఇది ఎప్పుడూ షాకే కొడుతుందనుకుంటారు. నిజానికి ముందు ఊరికే వేగంగా పేస్ చేసి, అంటే చిన్న చిన్న కరెంటు దెబ్బలతో గుండెను కొట్టించి చూస్తుంది. నా వీటీలో దెబ్బకీ దెబ్బకీ మధ్య సుమారు 350 మిల్లీసెకన్లు. పరికరం దానిలో 88 శాతం, అంటే 308 మిల్లీసెకన్లకొకటి చొప్పున ఎనిమిది దెబ్బలు ఇస్తుంది. చుట్టులోకి ముందే దూరి దారి మూసేస్తుంది. నొప్పి ఉండదు, చాలాసార్లు తెలియను కూడా తెలియదు. అది పనిచేయకపోతేనే, లేదా లయ మరీ వేగంగా ఉంటేనే, కెపాసిటర్ నింపుకుని 35–40 జౌల్స్ దాకా షాక్. ఆ సమయంలో మనల్ని పట్టుకున్నవాళ్లకి కొంచెం జుమ్మంటుంది, ప్రమాదం లేదు. (మా ఆవిడ ముందు అడిగిన ప్రశ్న ఇదే.) పరికరం వీటీని ఆపుతుంది గానీ రాకుండా చూడలేదు. పదే పదే వస్తుంటే తొడ నరం గుండా కాథెటర్ పంపి మచ్చను మ్యాప్ చేసి, ఆ సందులను రేడియో తరంగాల వేడితో కాల్చేస్తారు, దాన్ని అబ్లేషన్ అంటారు.

తప్పులు జరిగేదీ ఉంది. వైరు విరిగితే, లేక పై గదుల లయ తప్పి గుండె వేగం పెరిగితే, పరికరం దాన్ని వీటీ అనుకుని అనవసరంగా షాక్ ఇస్తుంది. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు: అమియోడరోన్ మాత్ర వీటీని ఆపకపోయినా నెమ్మది చేస్తుంది. పరికరాన్ని 150 పైన పట్టుకోమని పెట్టి, మందు వల్ల వీటీ 140కి దిగితే, అది చూస్తూ ఊరుకుంటుంది. మందు మొదలుపెట్టినా మోతాదు మార్చినా ఆ హద్దు సరిచూడమని అడగండి.

ఆ మాత్ర గురించి ఇంకొంచెం. 200 మిల్లీగ్రాముల మాత్రలో 75 మిల్లీగ్రాముల దాకా అయోడిన్ ఉంటుంది, కాబట్టి థైరాయిడ్ ఇటో అటో ఒరుగుతుంది. ఆరు నెలలకోసారి టీఎస్‌హెచ్, లివర్ పరీక్షలు, ఏడాదికోసారి ఛాతీ ఎక్స్‌రే. పొడిదగ్గు, ఆయాసం కొత్తగా వస్తే దుమ్ము వల్లే అని వదిలేయకండి, ఊపిరితిత్తులకు చేటు కావచ్చు. ఎండలో చర్మం మండుతుంది, మన ఊరి ఎండకి నిండు చేతుల చొక్కా తప్పదు. రక్తం పలచనయ్యే వార్ఫరిన్ వాడేవాళ్లకి దాని మోతాదు తగ్గించాలి. జ్వరమనగానే మందుల షాపువాడు ఇచ్చే అజిత్రోమైసిన్, వాంతులకిచ్చే ఒండాన్‌సెట్రాన్ రెండూ గుండె లయ మీద పనిచేసేవే, డాక్టరును అడగనిదే వేసుకోకండి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఉంది కదా అని బొండాల మీద బొండాలు తాగడం కూడా వద్దు. గుండెకిచ్చే కొన్ని మాత్రలు పొటాషియాన్ని పెంచుతాయి, ఎక్కువైనా ముప్పే.

"ఒంట్లో బాంబు పెట్టుకున్నావంట గదా" అని పెళ్లిలో ఒక పెద్దమనిషి నలుగురి ముందు అన్నాడు. ఇలాంటి వాళ్లకోసం కొన్ని నిజాలు. మెట్రోలో మెటల్ డిటెక్టర్ గుమ్మం దాటొచ్చు, దాని దగ్గర నిలబడి కబుర్లాడకూడదు. కార్డు చూపించి చేత్తో తడమమంటే సరి, చేతి డిటెక్టర్‌ను పెట్టె మీద ఆపి ఉంచనీయకండి. ఫోను చొక్కా ఎడమ జేబులో పెట్టొద్దు, 15 సెంటీమీటర్ల దూరం చాలు. ఇండక్షన్ పొయ్యికి 60 సెంటీమీటర్లు. వెల్డింగ్ పని వద్దు. మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు ఎడమ చెయ్యి భుజం పైకి ఎత్తకూడదు, వైరు జారుతుంది. అట్లని చెయ్యి అసలు కదపకపోతే భుజం బిగుసుకుపోతుంది. ఎప్పుడైనా ఆపరేషన్ అవసరమైతే ముందే చెప్పాలి. పెట్టె మీద అయస్కాంతం పెడితే అది ఉన్నంతసేపూ షాక్ ఇవ్వడం ఆగుతుంది. ఒక్క షాక్ పడి బాగానే ఉంటే క్లినిక్‌కి ఫోన్ చేయండి. రెండు పడినా, ఒక్కటే పడి ఒంట్లో బాగోలేకపోయినా 108.

ఇంకో మాట, ఇంట్లో ఎవరికీ వినబుద్ధి కాదు. మనిషి పోయాక దహనానికి ముందు ఈ పెట్టె తీయించాలి, బ్యాటరీ మంటల్లో పేలుతుంది. నేను చెప్తే మా ఆవిడ పళ్లెం విసిరికొట్టినంత పని చేసింది. అయినా బావమరిదికి రాసిచ్చాను.

మా అమ్మ చిలుకూరు బాలాజీకి మొక్కుకుంది. 11 ప్రదక్షిణలు అప్పుడే చేసేసింది, మొక్కు తీరాక 108 నేను చేయాలట. డాక్టరమ్మని అడిగితే "నెమ్మదిగా, తెల్లవారుజామున, ఆయాసం వస్తే కూర్చోండి" అంది. పూర్తి చేశాను. దేవుడు కాపాడాడని అమ్మ అంటుంది, నేను కాదనను. ఆ రాత్రి సింక్ నొక్కిన చెయ్యి ఆయన పంపిందే అయ్యుండొచ్చు. వెరాపమిల్ ఎవరు పంపారని మాత్రం అమ్మని అడగను.

ఇంట్లో అందరికీ సీపీఆర్ నేర్పించండి. మనిషి పడిపోయి, పిలిస్తే పలకక, ఊపిరి సరిగ్గా లేకపోతే, 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి, ఛాతీ మధ్యలో 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ఏమీ చేయకుండా గడిచే ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం చొప్పున తగ్గుతుంది. ఆ 108 మన హైదరాబాద్‌లోనే 2005 ఆగస్టు 15న మొదలైంది. ఛాతీ నొప్పికీ గుండెదడకీ సొంత కారు కన్నా అదే మేలు. చాదర్‌ఘాట్ ట్రాఫిక్‌లో లయ తప్పితే కారులో సోడా తప్ప ఏముంటుంది?

కాగితాలు దాచుకోండి. ఈసీజీ కాగితం వేడికి నల్లబడే థర్మల్ రకం, కాలం గడిస్తే గీత వెలిసిపోతుంది. లామినేషన్ చేయిస్తే మొత్తం నల్లబడుతుంది. జిరాక్స్ తీయించి, ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోవాలి, మామూలుగా ఉన్నప్పటి ఈసీజీ ఒకటి, దడ వచ్చినప్పటిది ఒకటి. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లో ఉంది. మొదటి ఆసుపత్రిని రాతపూర్వకంగా అడిగాను. స్ట్రిప్ నకలు ఇచ్చారు. డిశ్చార్జి సమ్మరీలో మాత్రం ఎస్వీటీ అనే ఉంది, వెరాపమిల్ ఇచ్చాక "బీపీ స్వల్పంగా తగ్గింది" అని రాశారు. సరిచేయమని మళ్లీ రాశాను, డాక్టరమ్మ ఉత్తరం జతచేసి. ఆ డాక్టరును శిక్షించమని కాదు. రేపు ఇంకో క్యాజువాలిటీలో ఎవరైనా ఆ సమ్మరీ చదివితే మళ్లీ అదే సూది తీస్తారు. ఇంకా జవాబు రాలేదు. ఈలోగా నా ఫైలు మొదటి పేజీ మీద ఎర్ర పెన్నుతో నేనే రాసుకున్నాను: స్కార్ (మచ్చ) వీటీ, ఐసీడీ ఉంది, వెరాపమిల్ ఇవ్వొద్దు.